వినియోగదారుడు తన అనుభవాన్ని ఎందుకు పంచుకుంటాడు? కోనసీమ నేపథ్యంలో విస్తరణ శాస్త్రానికి ఒక ప్రశ్న

వస్తువును కొన్నవారు దాని మంచిచెడులను పదిమందికి చెప్పడం కొత్త విషయం కాదు. అయితే ఈ చెప్పుకోవడం వాట్సాప్, ఫేస్‌బుక్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ వంటి సామాజిక మాధ్యమాలలోకి మారిన తరువాత దానికి మునుపు లేని వేగం, విస్తృతి సమకూరాయి. మార్కెటింగ్ శాస్త్రం ఈ ప్రవర్తనను దాదాపు అరవై ఏళ్లుగా పరిశీలిస్తున్నది. వ్యవసాయ విస్తరణ రంగం మాత్రం సామాజిక మాధ్యమాలను ప్రధానంగా శాస్త్ర సమాచారాన్ని రైతుకు చేరవేసే సాధనంగానే చూస్తున్నది. రైతులు ఏ మాధ్యమాన్ని వినియోగిస్తున్నారు, అందులో ఏ సమాచారాన్ని కోరుతున్నారు అనే ప్రశ్నలు మన విద్యార్థుల పరిశోధనలలో తరచుగా కనిపిస్తాయి. రైతు తానే నోరు విప్పినప్పుడు ఎందుకు మాట్లాడుతున్నాడు అనే ప్రశ్నకు అంతటి శ్రద్ధ దక్కడం లేదు.

అనుభవాన్ని పంచుకోవడానికి కారణాలు అనేకం. వాటిలో ఫిర్యాదు రూపంలో వెలువడే మాటకు మూలం, చాలా సందర్భాలలో, వస్తువులోని లోపం కంటే ఆ లోపాన్ని గురించి అడిగినచోట సరైన జవాబు లభించకపోవడమే అన్నది ఈ వ్యాసంలోని వాదన. ఈ వాదన సరైనదైతే, సామాజిక మాధ్యమాలలో రైతు పెట్టే ఫిర్యాదును వదంతిగా తోసిపుచ్చడం గాని, ప్రచారంగా లెక్కించడం గాని సరికాదు. అది మన వ్యవస్థలో జవాబు ఎక్కడ ఆగిపోయిందో చూపే సూచిక అవుతుంది. ఇక్కడ వినియోగదారుడు అన్నప్పుడు మిఠాయి, చేప, పచ్చడి కొనే గృహస్థుతో పాటు విత్తనం, ఎరువు, పురుగుమందు కొనే రైతు కూడా ఉద్దేశితుడే.

పాత అలవాటు, కొత్త సాధనం

గౌతమి, వశిష్ఠ పాయల నడుమ వైనతేయ పాయతో చీలిన కోనసీమలో వంతెనలు రాకముందు పంటు కోసం రేవులో నిరీక్షించే సమయమే సమాచార వినిమయ సమయం. ఏ ఊరిలో ఏ వరి రకం పడిపోయింది, అంబాజీపేటలో కొబ్బరికాయ ధర ఎంత పలికింది, ఏ దుకాణంలో మందు బాగా పనిచేసింది అనే విషయాలు అక్కడే చేతులు మారేవి. చమురు శుద్ధి కేంద్రం వల్ల వార్తాపత్రికలలో పేరు వినిపించే తాటిపాక వంటి కూడలి గ్రామాలలో టీ దుకాణమూ, ఎరువుల కొట్టు అరుగూ ఇప్పటికీ ఆ పనిని చేస్తూనే ఉన్నాయి. దింపు కార్మికులు ఒక తోట నుంచి మరొక తోటకు వెళుతూ చెట్ల స్థితిగతులను కూడా మోసుకువెళ్లడం ఈ ప్రాంతపు రైతులందరికీ తెలిసినదే.

ఈ మాటకు ఉన్న బలాన్ని విస్తరణ శాస్త్రం తన తొలినాళ్లలోనే గుర్తించింది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో సంకర మొక్కజొన్న వ్యాప్తిపై రయాన్, గ్రాస్ అనే గ్రామీణ సమాజ శాస్త్రవేత్తలు 1943లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు నిదర్శనం. కొత్త విత్తనం ఉన్నదన్న సంగతి రైతులలో ఎక్కువమందికి విత్తనాల విక్రేతల ద్వారా తెలిసింది. దానిని సాగుచేయాలన్న నిర్ణయానికి మాత్రం పొరుగు రైతుల అనుభవమే ఎక్కువగా దోహదం చేసింది. ఎవరెట్ రోజర్స్ 1962లో వెలువరించిన నూతన పరిజ్ఞాన వ్యాప్తి సిద్ధాంతానికి ఈ అధ్యయనం ఒక ముఖ్యమైన పునాది. తెలియజేయడం ఒకటి, నమ్మించడం మరొకటి అన్న భేదం మన విద్యార్థులకు మొదటి పాఠాలలోనే బోధింపబడుతున్నది.

సామాజిక మాధ్యమాలు ఈ భేదాన్ని చెరిపివేయలేదు. అవి మూడు మార్పులను తెచ్చాయి. మొదటిది, రేవులో మాట్లాడినవాడికి వినేవాడు ఎవరో తెలుసు. వాట్సాప్ బృందంలో పెట్టిన మాట ముందుకు పంపబడుతూ అపరిచితులకు చేరుతుంది. రెండవది, నోటిమాట గాలిలో కలిసిపోతుంది; ఛాయాచిత్రం, శబ్ద సందేశం, వీడియో నిలిచి ఉంటాయి. మూడవది, రేవులోని విమర్శ విత్తన సంస్థకు గాని, పరిశోధన కేంద్రానికి గాని చేరేది కాదు. నేడు అది వారి చేతిలోని ఫోనుకు నేరుగా చేరగలదు. ఈ మూడవ మార్పు మన చర్చకు అన్నింటికంటే ముఖ్యం. మాట విమర్శింపబడినవారికి కూడా వినిపిస్తుందని తెలిసినప్పుడు, మాట్లాడేవాడి ఉద్దేశమే మారుతుంది. అతడు పొరుగువానిని హెచ్చరించడంతో పాటు, బాధ్యులను నిలదీస్తున్నాడు కూడా.

పంచుకోవడానికి ప్రేరకాలు

ఎర్నెస్ట్ డిక్టర్ 1966లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ప్రచురించిన వ్యాసంలో నోటిమాట వెనుక నాలుగు ప్రేరకాలను గుర్తించాడు. వస్తువుపై కలిగిన ఉత్సాహం, తన గొప్పదనాన్ని చూపుకోవాలన్న కోరిక, ఎదుటివారికి మేలు చేయాలన్న తలంపు, ప్రకటనలోని ఆకర్షణ అనేవి ఆ నాలుగు. 2004లో హెన్నిగ్-థురావ్, ఆయన సహచరులు ఆన్‌లైన్ అభిప్రాయ వేదికలను ఉపయోగించే సుమారు 2,000 మంది జర్మన్ వినియోగదారులపై జరిపిన అధ్యయనంలో ఈ జాబితా మరింత విస్తరించింది. సామాజిక అనుబంధం, ఆర్థిక ప్రతిఫలం, ఇతర వినియోగదారుల పట్ల శ్రద్ధ, ఆత్మగౌరవ వృద్ధి అనేవి ప్రధాన ప్రేరకాలని వారు తేల్చారు. కోపాన్ని వెళ్లగక్కడం, మంచి సంస్థకు సహాయపడటం, సలహా కోరడం వంటివి కూడా వారి పరిశీలనలో భాగమయ్యాయి.

ఈ ప్రేరకాలను గుర్తించడానికి కోనసీమ వినియోగదారులను గమనిస్తే చాలు. ఏటా గోదావరికి వరద నీరు వచ్చే రోజులలో పులస చేప వేల రూపాయల ధర పలికిందన్న వార్త, చేపను చేతబట్టుకున్న ఛాయాచిత్రంతో సహా ఫోన్లలో తిరుగుతుంది. పుస్తెలమ్మయినా పులస తినాలన్న సామెత ఉన్న ప్రాంతంలో దానిని కొనగలగడం ఒక ప్రతిష్ఠ. ఆ చిత్రం పంచుకోవడంలో రుచి కంటే ప్రతిష్ఠకే పాలు ఎక్కువ. అదే సమయంలో సముద్రంలో పట్టిన చేపను, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన చేపను పులసగా అమ్ముతున్నారని హెచ్చరించే సందేశాలూ కనిపిస్తాయి. మొదటిది డిక్టర్ చెప్పిన స్వీయ గౌరవం. రెండవది పరుల పట్ల శ్రద్ధ. వస్తువు ఒకటే అయినా పంచుకున్న కారణం వేరు.

ఆత్రేయపురం పూతరేకుల విషయంలో మరొక ప్రేరకం కనిపిస్తుంది. బోర్లించిన కుండపై పలుచని బియ్యపు పిండిని రేకుగా తీసే ఈ నైపుణ్యం ప్రధానంగా మహిళలది. 2023లో పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించింది. రేకును తీస్తున్న మహిళ చేతి కదలికను చిత్రీకరించి పంచుకునే కొనుగోలుదారు, తెలిసో తెలియకో ఆ ఉత్పత్తిదారునికి సహాయం చేస్తున్నాడు. ఉపాధి కోసం కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు వెళ్లిన కోనసీమ మహిళలు ఇంటినుంచి వచ్చిన మిఠాయి పొట్లాన్ని, పచ్చడి సీసాను తోటివారికి ఫోనులో చూపినప్పుడు అందులో ఉన్నది వస్తువు నాణ్యతపై తీర్పు కాదు, ఊరితో తెగని అనుబంధం.

ఏ భావోద్వేగం మాటను ఎక్కువ దూరం నడిపిస్తుంది అన్నది వేరొక ప్రశ్న. బెర్గర్, మిల్క్‌మన్ 2012లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలోని దాదాపు 7,000 కథనాలను విశ్లేషించి, ఆశ్చర్యం, కోపం, ఆందోళన కలిగించేవి ఎక్కువగా పంచుకోబడతాయని, విషాదం కలిగించేవి అంతగా పంచుకోబడవని చూపారు. మనసును కదిలించి చర్యకు పురికొల్పే భావం మాటను ముందుకు నెడుతుంది. కుంగదీసే భావం మౌనంలోకి నెడుతుంది. పంట నష్టపోయిన రైతు సందేశాలను చదివే విస్తరణ శాస్త్రవేత్త ఈ తేడాను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. కోపంగా మాట్లాడుతున్నవాడు ఇంకా జవాబు ఆశిస్తున్నాడు. ఆశ వదులుకున్నవాడు మన ఫోనులో కనిపించడు.

ధర అడిగినందుకు వచ్చిన జవాబు

2025 ఏప్రిల్‌లో గోదావరి తీరంలోనే జరిగిన ఒక ఉదంతం తెలుగు సమాజం మొత్తం దృష్టిని ఆకర్షించింది. రాజమహేంద్రవరం కేంద్రంగా వాట్సాప్ ద్వారా పచ్చళ్లు అమ్మే ఒక చిన్న వ్యాపారంలో, ధర ఎక్కువగా ఉన్నదన్న కొనుగోలుదారుకు దూషణలతో కూడిన శబ్ద సందేశం జవాబుగా వెళ్లింది. ఆ సందేశం సామాజిక మాధ్యమాలలోకి వచ్చి కొద్ది రోజులలోనే లక్షలాది మందికి చేరింది. ఆ వ్యాపారం తన ఆన్‌లైన్ అమ్మకాలను నిలిపివేయవలసి వచ్చింది. నిర్వహిస్తున్న కుటుంబం వ్యక్తిగతంగా కూడా తీవ్రమైన హేళనకు గురైంది.

ఈ ఉదంతంలో గమనించవలసిన అంశాలు రెండు ఉన్నాయి. పచ్చడి రుచిపై, పరిశుభ్రతపై, తూకంపై ఫిర్యాదు రాలేదు. వస్తువు చర్చలోకే రాలేదు. ధర భారమని అనిపిస్తే సాధారణంగా కొనుగోలుదారు మరొక చోట కొనుక్కుంటాడు. అది పదిమందికి చెప్పుకునే సంగతి కాదు. అడిగినందుకు అవమానం ఎదురుకావడం వల్లనే ఆ సందేశం బయటకు వచ్చింది. విన్నవారు దానిని ముందుకు పంపడానికి కారణం కూడా పచ్చడి కాదు. ఎప్పుడో ఒకచోట బేరమాడి చులకనైన జ్ఞాపకం మనలో ప్రతి ఒక్కరికీ ఉంటుంది.

రెండవ అంశం ఇంకా గంభీరమైనది. అవమానానికి ప్రతిగా మొదలైన పంచుకోవడం, దాని మూల కారణానికి ఏ మాత్రం పొంతన లేని శిక్షగా మారింది. ఒక సంస్థ జవాబుదారీతనాన్ని కోరిన గొంతు, గుంపు చేతిలో పడిన తరువాత వ్యక్తుల గౌరవాన్ని హరించింది. మొదట పంచుకున్నవాని ఉద్దేశం న్యాయమైనదే కావచ్చు. వెయ్యవసారి పంచుకున్నవాని ఉద్దేశం అదే అయి ఉండవలసిన అవసరం లేదు. స్వయం సహాయక సంఘాల మహిళలకు, రైతు ఉత్పత్తిదారుల సంస్థలకు ఆన్‌లైన్ అమ్మకాలలో శిక్షణ ఇస్తున్న మన శాస్త్రవేత్తలు ప్యాకింగు, లేబుల్, ధర నిర్ణయం నేర్పుతున్నారు. కొనుగోలుదారుకు జవాబు ఎలా రాయాలో కూడా ఆ శిక్షణలో ఒక పాఠం కావాలి.

రైతూ వినియోగదారుడే

పచ్చడి కొన్నవానికి వర్తించిన సూత్రమే విత్తనం కొన్న రైతుకూ వర్తిస్తుంది. చట్టం కూడా ఆ మాటనే చెప్పింది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్‌పై ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసులలో 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు విస్తరణ విద్యార్థులు తప్పక చదవవలసినది. విత్తనాల చట్టం, 1966 ఉన్నందువల్ల రైతు వినియోగదారుల ఫోరాన్ని ఆశ్రయించరాదన్న వాదనను న్యాయస్థానం అంగీకరించలేదు. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని స్పష్టం చేసింది. విత్తన నమూనాను ప్రయోగశాలకు పంపలేదన్న అభ్యంతరానికి కూడా సమాధానమిచ్చింది. కొన్న విత్తనమంతా రైతు చల్లుకుంటాడు. ఎప్పుడో కేసు వేయవలసి వస్తుందని కొంత దాచి ఉంచాలని అతని నుంచి ఆశించరాదని పేర్కొన్నది.

ఈ తీర్పులోని సూక్ష్మం సామాజిక మాధ్యమాలలో రైతు ప్రవర్తనను అర్థం చేసుకోవడానికి ఎంతో ఉపకరిస్తుంది. చెడిన ఫోనును, చిరిగిన చీరను దుకాణానికి తిరిగి తీసుకువెళ్లి చూపవచ్చు. మొలకెత్తని విత్తనాన్ని చూపడానికి వీలులేదు. కలుపుమందు తగిలి మాడిన నారు పదిరోజులలో రూపం మార్చుకుంటుంది. వ్యవసాయ ఉత్పాదకాల విషయంలో సాక్ష్యానికి ఆయుష్షు తక్కువ. అందువల్ల రైతు చేలో నిలబడి ఫోనులో వీడియో తీసి బృందంలో పెట్టడం, చాలా సందర్భాలలో, సాక్షులను పిలవడంతో సమానం. “నేను చెబుతున్నది మీరంతా చూడండి” అన్నదే ఆ వీడియో సారాంశం. ఈ ప్రేరకం జర్మన్ వినియోగదారుల జాబితాలో కనిపించదు. మన పరిస్థితులలో దానిని ప్రత్యేకంగా అధ్యయనం చేయవలసి ఉన్నది.

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో ప్రచురించిన ప్రసిద్ధ గ్రంథంలో, అసంతృప్తి చెందినవారి ముందు ఉండే మార్గాలను నిష్క్రమణ, గళం అని విభజించాడు. కొనడం మానివేయడం నిష్క్రమణ. లోపాన్ని ఎత్తిచూపి సరిదిద్దమని అడగడం గళం. సంస్థపై విధేయత ఉన్నవారు నిష్క్రమించే ముందు గళమెత్తుతారని ఆయన వివరించాడు. కోనసీమ రైతుకు ఈ రెండు మార్గాలూ పరిచితమే. 2011 ఖరీఫ్‌లో ఇక్కడి రైతులు పంట విరామం ప్రకటించి వేలాది ఎకరాలలో వరి వేయకుండా వదిలివేసినప్పుడు, నిష్క్రమణే గళంగా మారింది. ఆ సమస్యలను పరిశీలించడానికి రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా కమిటీని నియమించవలసి వచ్చింది. అంత దూరం రాకముందే, సార్వాలోనో దాళ్వాలోనో ఒక్క సంచి విత్తనం గురించి రైతు ఎత్తిన గళాన్ని వినగలిగితే వ్యవస్థకు అది ఎంతో చౌక.

అనుభవం నిజం, కారణం సందిగ్ధం

రైతు పంచుకున్న ప్రతి మాటనూ శాస్త్రం తలదాల్చాలని ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కొబ్బరిలో సర్పిలాకార తెల్లదోమ విషయం ఇందుకు తగిన ఉదాహరణ. మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో తొలిసారి గుర్తింపబడిన ఈ పురుగు, ఆ తరువాత గోదావరి జిల్లాల తోటలకూ వ్యాపించింది. ఆకు అడుగున తెల్లని మైనపు వలయాలు, పైన మసి పట్టిన నల్లని మట్టలు, తోటలోని అంతరపంటల ఆకులపై జిగురు చూసిన రైతు చెట్టు చనిపోతుందని భయపడటం సహజం. ఒక రైతు ఏదో రసాయన మందు పిచికారీ చేస్తాడు. కొన్ని వారాల తరువాత ఉధృతి తగ్గుతుంది. “ఈ మందు కొట్టాను, తగ్గిపోయింది, మీరూ కొట్టండి” అన్న సందేశం తోటి రైతులకు వెళుతుంది.

ఇందులో అబద్ధం లేదు. మందు కొట్టిన మాట నిజం, పురుగు తగ్గిన మాట నిజం. తగ్గడానికి మందే కారణమా అన్నది మాత్రం తేలలేదు. వర్షం వల్ల తగ్గి ఉండవచ్చు. ఎన్కార్సియా అనే పరాన్నజీవి వల్ల తగ్గి ఉండవచ్చు. విచక్షణ లేకుండా రసాయనాలు వాడితే ఆ పరాన్నజీవి నశించి పురుగు మళ్లీ విజృంభించే ప్రమాదం ఉన్నది. ఈ కారణం చేతనే శాస్త్రవేత్తలు నీటితో గట్టిగా పిచికారీ చేయడం, వేపనూనె వాడకం, మసిని వదిలించడానికి గంజి పిచికారీ, ఐసేరియా శిలీంధ్రం వంటి జీవ నియంత్రణ పద్ధతులను సూచిస్తున్నారు. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం ఈ శిలీంధ్రాన్ని ఉత్పత్తి చేసి రైతులకు అందించింది.

అటువంటి సందేశానికి శాస్త్రవేత్త ఇవ్వదగిన జవాబు ఏది? “అది తప్పు, నమ్మకండి” అన్న ఒక్క వాక్యం రైతును తోటివారి ముందు చిన్నబుచ్చుతుంది. మేలు చేయాలన్న తలంపుతో మాట్లాడినవాడు తరువాత మౌనం వహిస్తాడు, లేదా శాస్త్రవేత్త లేని బృందానికి వెళ్లిపోతాడు. “మీ తోటలో తగ్గడం సంతోషం. ఆకు అడుగున ఉన్న పురుగు కోశాలను దగ్గరగా ఫొటో తీసి పంపండి. వాటిపై గుండ్రని రంధ్రాలు ఉంటే మిత్ర పురుగు పనిచేసినట్లు” అన్న జవాబు రైతు అనుభవాన్ని గౌరవిస్తూనే కారణాన్ని పరీక్షకు పెడుతుంది. బృందంలోని మిగిలిన రైతులు కూడా తమ తోటలలో ఆ రంధ్రాలను వెదుకుతారు. ఒక్క జవాబుతో ఒక సామూహిక పరిశీలన మొదలవుతుంది.

అభ్యంతరాలు

ఈ వాదనపై బలమైన అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది, సామాజిక మాధ్యమాలలోని అభిప్రాయాలన్నీ నిజాయితీ గలవి కావు. డబ్బిచ్చి రాయించే ప్రశంసలు, పోటీదారులు రాయించే నిందలు ఉన్నాయి. ఆన్‌లైన్ సమీక్షల విశ్వసనీయత కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని రూపొందించవలసి రావడమే ఇందుకు నిదర్శనం. ఆ ప్రమాణం అమ్మకపు వేదికలకు ఉద్దేశించినది. గ్రామ వాట్సాప్ బృందాన్ని తనిఖీ చేసే ప్రమాణం ఏదీ లేదు. అక్కడ తనిఖీ బాధ్యత స్థానిక శాస్త్రవేత్త, వ్యవసాయాధికారి మీదనే పడుతుంది. తొందరపాటుతో పెట్టిన ఒక వీడియో నిజాయితీగా వ్యాపారం చేసే చిన్న దుకాణదారును ఒక్క సీజనులోనే దెబ్బతీయగలదు. కనుక వేగంగా స్పందించడం రైతుకే కాక దుకాణదారుకూ రక్షణ.

రెండవది, పంచుకున్నవారు అందరికీ ప్రతినిధులు కారు. ఆన్‌లైన్ సమీక్షలలో అమిత సంతృప్తి, అమిత అసంతృప్తి చెందినవారే ఎక్కువగా కనిపిస్తారని, మధ్యస్థ అనుభవం గలవారు రాయడం తక్కువని హు, పావ్లో, జాంగ్ 2009లో చూపారు. గ్రామాలలో ఈ పక్షపాతం మరింత లోతైనది. కోనసీమలో వరి సాగు చేసేవారిలో కౌలు రైతులు అధికం. భూమి మరొకరి పేరున, అప్పు దుకాణదారు దగ్గర ఉన్నప్పుడు, అదే దుకాణంలో కొన్న మందుపై బహిరంగంగా మాట్లాడటం కౌలు రైతుకు సులభం కాదు. వచ్చే సీజనులో ఎరువు అరువుకు దొరకదన్న భయం అతని నోరు నొక్కుతుంది. సొంత ఫోను లేని మహిళా రైతులు, వ్యవసాయ కూలీలు కూడా ఈ మౌనంలో భాగమే. సందేశాల సంఖ్యను సమస్య తీవ్రతకు కొలమానంగా తీసుకుంటే, అన్నింటికంటే ఎక్కువ నష్టపోయినవారినే మనం లెక్కించకుండా వదిలివేస్తాము.

మూడవ అభ్యంతరం శాస్త్రవేత్తల నుంచే వస్తుంది. పరిశోధన, బోధన, శిక్షణల మధ్య ప్రతి సందేశానికీ జవాబివ్వడం సాధ్యమా? వ్యక్తిగత సేవగా భావిస్తే సాధ్యం కాదు. వ్యవస్థాగత బాధ్యతగా మారిస్తే సాధ్యమే. ఈ క్రింది సూచనలు ఆ దృష్టితో చేసినవి.

చేయదగినవి

మొదటిది, ప్రతి పరిశోధన స్థానంలోను, కృషి విజ్ఞాన కేంద్రంలోను రైతుల నుంచి వచ్చే సందేశాలను నమోదుచేసే ఒక రిజిస్టరు ఉండాలి. వస్తువు పేరు, బ్యాచ్ సంఖ్య, కొన్న తేదీ, వాడిన మోతాదు, పంట దశ అన్న ఐదు వివరాలను అడిగి నమోదు చేస్తే, పదిచోట్ల నుంచి వచ్చిన ఒకే ఫిర్యాదు ఒకే బ్యాచ్‌కు చెందినదని తెలిసే అవకాశం ఉన్నది. విడివిడిగా వదంతిలా కనిపించినవి కలిపి చూస్తే సాక్ష్యంగా నిలబడతాయి.

రెండవది, జవాబుకు గడువు ఉండాలి. పరిష్కారం వెంటనే తెలియకపోయినా, రెండు పనిదినాలలో “మీ సమస్య చేరింది, ఫలానా రోజున పరిశీలిస్తాము” అన్న మాట వెళ్లాలి. అడిగిన బృందంలోనే ఆ మాట కనిపించాలి.

మూడవది, ఫిర్యాదు మార్గాన్ని రైతుకు నేర్పాలి. బిల్లు తీసుకోవడం, సంచిని, దానికి కుట్టిన చీటీని భద్రపరచడం, పంట దశ దాటకముందే వ్యవసాయాధికారికి లిఖితపూర్వకంగా తెలిపి క్షేత్ర పరిశీలన కోరడం శిక్షణలో భాగం కావాలి. 2020 జూలై నుంచి అమలులో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం రైతు తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. సాధారణంగా రెండేళ్ల లోపు ఫిర్యాదు దాఖలు చేయాలి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. ఈ వివరాలు తెలిసిన రైతు పెట్టే వీడియోకు, తెలియని రైతు పెట్టే వీడియోకు తేడా ఉంటుంది. మొదటిది సాక్ష్యం అవుతుంది, రెండవది ఆక్రోశంగా మిగిలిపోతుంది.

నాలుగవది, గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో పల్లెలలో నివసించే చివరి సంవత్సరం విద్యార్థులు ఈ ప్రేరకాలను స్వయంగా పరిశీలించాలి. విదేశీ అధ్యయనాల కొలమానాలను అనువదించి ప్రశ్నావళిగా పంచడానికి ముందు, కొందరు రైతులతో కూర్చుని “ఆ సందేశం ఎందుకు పెట్టారు? ఎవరు చూడాలని పెట్టారు? పెట్టే ముందు ఎవరినైనా అడిగారా?” అన్న మూడు ప్రశ్నలు వేయాలి. మూడవ ప్రశ్నకు వచ్చే సమాధానాలే ఈ వ్యాసంలోని వాదనను నిలబెట్టవచ్చు, పడగొట్టవచ్చు. సందేశం పెట్టనివారిని కూడా, ముఖ్యంగా కౌలు రైతులను, మహిళలను, ఎందుకు పెట్టలేదని అడగాలి.

ఐదవది, నైతిక నియమాలు పాటించాలి. మూసి ఉన్న బృందంలో రైతు మాట్లాడిన మాట పరిశోధకునికి ముడిసరుకు కాదు. వ్యక్తిగత డిజిటల్ డేటా పరిరక్షణ చట్టం, 2023 వచ్చిన నేపథ్యంలో, అనుమతి లేకుండా శబ్ద సందేశాలను, ఛాయాచిత్రాలను పరిశోధన పత్రాలలో వాడే అలవాటుకు స్వస్తి చెప్పాలి. గౌరవం దక్కలేదని మాట్లాడినవాని మాటను అతని అనుమతి లేకుండా వాడుకోవడం రెండవ అగౌరవం.

ముగింపు

వినియోగదారుడు అనుభవాన్ని ప్రతిష్ఠ కోసం పంచుకుంటాడు, అనుబంధం కోసం పంచుకుంటాడు, పరుల మేలు కోరి పంచుకుంటాడు. ఫిర్యాదును మాత్రం అతడు ఎక్కువగా జవాబు కోసం పంచుకుంటాడు. మొదటి మూడింటిని విస్తరణ వ్యవస్థ గమనిస్తే సరిపోతుంది. చివరిదానికి మాత్రం తప్పక బదులు పలకాలి. రైతు తన చేలో నిలబడి తీసిన వీడియో శాస్త్రవేత్త ఫోనుకు చేరే సమయానికి ఆ రైతు బహుశా దుకాణాన్ని, సంస్థను, కార్యాలయాన్ని అడిగి ఉంటాడు. అతడు ఇంకా అడుగుతున్నాడంటే వ్యవస్థపై కొంత నమ్మకం మిగిలి ఉన్నదన్నమాట. ఆ నమ్మకం ఉన్నంతకాలమే విస్తరణ శాస్త్రానికి పని ఉంటుంది.